పన్నెండు టైర్ల లారీకి మైలేజ్ పెంచే ఫిట్టింగులు: పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

మిర్చిబండి_గుంటూరు:

అన్నలందరికీ నమస్తే. నాది 2021 మోడల్ బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండి, పన్నెండు టైర్లు, బండీ లోడూ కలిపి 35 టన్నుల పాసింగ్. గుంటూరు యార్డులో మిర్చి ఎక్కించుకుని పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్, అక్కడి నుంచి సోలాపూర్, పుణె, చివరికి ముంబై దగ్గర వాశీ మార్కెట్. వచ్చేటప్పుడు సోలాపూర్‌లో ఉల్లిపాయలు దొరికితే అవే, లేకపోతే బ్రోకర్ ఏది ఇస్తే అది, ఒక్కోసారి హైదరాబాద్ దాకా ఖాళీగానే. నెలకు 8,000 కిలోమీటర్లు తిరుగుతుంది. లోడు మీద లీటరుకు 3.7 కిలోమీటర్లు వస్తుంది, ఖాళీగా వస్తే 5 దాటుతుంది, మొత్తం మీద 4 అనుకోండి. అంటే నెలకు 2,000 లీటర్లు. లీటరు 97 లెక్కన 1,94,000 ఆయిల్‌కే, అంటే డీజిల్‌కే, పోతోంది. కిస్తీ, టోల్, బత్తా, టైర్లు తీసేస్తే ఓనర్‌కి మిగిలేది మీకు తెలిసిందే కదా.

ఇప్పుడు ఆటోనగర్‌లో ఒకాయన పట్టుకున్నాడు. డీజిల్ పైపుకి తగిలించే మ్యాగ్నెట్ సెట్ 6,500, ఈసీఎం రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) 28,000, క్యాబిన్ పైన గాలిని మళ్లించే ఫైబర్ డిఫ్లెక్టర్ 18,000. మూడూ కలిపి చేయిస్తే 15 శాతం ఆదా గ్యారంటీ అంటున్నాడు. 15 శాతం అంటే నెలకు 300 లీటర్లు, 29,000 రూపాయలు, రెండు నెలల్లో పెట్టిన డబ్బు వచ్చేస్తుందని కాగితం మీద లెక్క వేసి మరీ చూపించాడు. ఇంకో మిత్రుడేమో పొగ శుభ్రం చేసే యూరియా బాక్స్ కట్ చేయించు, అన్నిటికంటే అదే లాభం అంటున్నాడు. వీటిలో ఏదైనా సొంత బండికి చేయించుకుని, మిగులు చేతికి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. కంపెనీ ప్రచారం కాపీ చేసి పెట్టొద్దు ప్లీజ్.

డీజిల్_మేస్త్రి_బెజవాడ:

బ్రదర్, ముందు మ్యాగ్నెట్ సంగతి తేల్చేద్దాం. 6,500 పెట్టి అయస్కాంతం కొనేకంటే ఆ డబ్బుతో రెండు సార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించుకోండి. మ్యాగ్నెట్ పెడితే డీజిల్ కణాలు విడిపోయి బాగా కాలుతుందని చెప్తారు. బాగున్న డీజిల్ ఇంజిన్‌లో పోసిన ఆయిల్ 98 శాతం పైనే ఎలాగూ కాలిపోతుంది. నష్టం కాలకపోవడంలో లేదు, కాలిన వేడిలో సగానికి పైగా రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా బయటికి పోతోంది, దాన్ని ఏ అయస్కాంతమూ ఆపలేదు. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ ఇలాంటి మైలేజ్ పరికరాలను వందకు పైగా పరిశీలించింది, మైలేజ్‌ని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ కనిపించలేదు. ట్యాంకులో పోసే సీసా మందులు కూడా చాలావరకు ఇదే బాపతు. ఇంజెక్టర్లు నిజంగా మురికి పట్టి ఉంటే క్లీనర్ మందు కొంత పనిచేస్తుంది, అంటే పోయిన మైలేజ్ వెనక్కి వస్తుంది, అంతకు మించి కొత్తగా ఏమీ రాదు.

రీమ్యాప్ విషయంలో జాగ్రత్త. పాత బండ్లకీ బీఎస్ 6కీ చాలా తేడా ఉంది. ఇంజెక్షన్ టైమింగ్ కాస్త ముందుకు జరిపితే మైలేజ్ పెరుగుతుంది, కానీ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మీ బండికి సైలెన్సర్ దగ్గర యూరియాతో వాటిని శుభ్రం చేసే ఏర్పాటు ఉంది కాబట్టి కంపెనీవాళ్లే టైమింగ్‌ని చాలావరకు మైలేజ్ వైపు పెట్టేశారు. ఇక రీమ్యాప్ చేసేవాడికి మిగిలేది ఏముంది, ఎక్కువ ఆయిల్ కొట్టించి పవర్ పెంచడమే. డ్రైవర్‌కి బండి చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, టర్బోకీ క్లచ్‌కీ పిస్టన్లకీ మాత్రం అదనపు బరువు. ఇంజిన్ ఏదైనా అయితే వారంటీ క్లెయిమ్ కూడా పోయినట్టే.

నేను బండి చూడకుండా చెప్పేది ఒకటే. ఫిట్టింగుల కంటే ముందు బండి తన మైలేజ్ తాను ఇస్తోందో లేదో చూడండి. లోడు మీద యాభై అరవై కిలోమీటర్లు నడిపి, బ్రేకులు ఎక్కువ కొట్టకుండా పక్కకు ఆపి, హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందని, లేదా బేరింగ్ బిగుతుగా ఉందని అర్థం. టర్బో గాలి వెళ్లే ఇంటర్‌కూలర్ హోస్ పైపు చిట్లిందేమో చూడండి, బయటికి తెలియదు, బండి నడుస్తూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం తాగుతుంది. మీది ముందు రెండు స్టీరింగ్ యాక్సిళ్ల బండి కాబట్టి అలైన్‌మెంట్ రెండిటికీ కలిపి చేయించాలి, ఒక్కటే చేసి పంపేస్తుంటారు. నా దగ్గరికి మైలేజ్ తగ్గిందని వచ్చే బండ్లలో ఎక్కువగా ఇలాంటివే దొరుకుతాయి, మందులూ మ్యాగ్నెట్లూ అక్కర్లేకుండానే.

పదిటైర్ల_పాతబండి:

మేస్త్రి గారూ, మీరు చెప్పేది పుస్తకం మాటలా ఉంది, ఏమీ అనుకోవద్దు. నాది బీఎస్ 3 పది టైర్ల బండి, డీజిల్ పంపు ట్యూనింగ్ చేయించాక నాకు అర కిలోమీటర్ పైనే పెరిగింది. లోడు, రోడ్డు అన్నీ అవే. మరి దానికేమంటారు? అందరూ మోసగాళ్లే అన్నట్టు రాసేస్తే ఎలా. చేతిలో పని ఉన్న మెకానిక్ చేస్తే తేడా తెలుస్తుంది, మిర్చిబండి అన్నా, కనీసం ఒకసారి ట్రై చెయ్యి.

డీజిల్_మేస్త్రి_బెజవాడ:

అన్నా, మీకు పెరిగిందంటే నమ్ముతాను, ఎందుకు పెరగదు? మీది మెకానికల్ పంపు, దానిలో ప్లంజర్లు అరుగుతాయి, టైమింగ్ జారుతుంది, ఇంజెక్టర్ ప్రెషర్ పడిపోతుంది. టెస్ట్ బెంచ్ మీద పెట్టి మళ్లీ కంపెనీ లెక్కకు తెస్తే మైలేజ్ తప్పకుండా వస్తుంది. ఆ పని రిపేర్ కిందికి వస్తుంది, మోడిఫికేషన్ కిందికి రాదు. మిర్చిబండి గారిది కామన్ రైల్, దానికి జారిపోయే టైమింగ్ ఉండదు, కంప్యూటరే చూసుకుంటుంది. మీ అనుభవం ఆ బండికి అతకదు, అంతే.

డాలస్_తెలుగువాడు:

డిఫ్లెక్టర్ గురించి నేను చెప్తాను. మాది నరసరావుపేట దగ్గర పల్లె, ఇక్కడ టెక్సాస్‌లో ఒక ట్రక్కింగ్ కంపెనీలో డీజిల్ లెక్కలు చూసే ఉద్యోగం. ఇక్కడ క్యాబిన్ పైన డిఫ్లెక్టర్, ట్రైలర్ కింద రెండు పక్కలా పలకలు, ఇవన్నీ మామూలు విషయం, ట్రైలర్ పక్క పలకలతోనే 4, 5 శాతం దాకా మిగులుతుందని పరీక్షల్లో తేలినవి ఉన్నాయి. 2017లో ఏడు ట్రక్కులతో ఒక ప్రదర్శన పెట్టారు, మంచి డ్రైవర్లు, ఈ ఫిట్టింగులన్నీ ఉన్న బండ్లు, గ్యాలన్‌కి సగటున 10.1 మైళ్లు తెచ్చారు, మన లెక్కలో లీటరుకు 4.3 కిలోమీటర్లు. అదీ హైవే వేగంలో. అందుకే ఈ సరుకు అమ్మేవాళ్లు అమెరికా లెక్కలు తెచ్చి చూపిస్తారు.

కానీ ఇక్కడ బండి 105 కిలోమీటర్ల వేగంలో గంటల తరబడి పోతుంది. మన దగ్గర? లోడు మీద 50, 55, ఊరు వస్తే 20, టోల్ గేట్ దగ్గర సున్నా. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే ఒకే సైజు బండికి 55 దగ్గర ఉన్నదానికంటే 105 దగ్గర మూడున్నర రెట్లకు పైన. 35 టన్నుల బండికి ఉజ్జాయింపుగా లెక్క వేసి చూశాను, 55 దగ్గర టైర్లు దొర్లడానికి పట్టే శక్తి గాలిని చీల్చడానికి పట్టేదానికి రెట్టింపు పైనే ఉంటుంది, 80 దగ్గరికి వచ్చేసరికి రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి. కాబట్టి ఇక్కడ 5 శాతం ఇచ్చే వస్తువు మీకు ఒకటో ఒకటిన్నరో ఇస్తే అదృష్టం.

మీ మిర్చి బస్తాలు క్యాబిన్ కంటే ఎత్తుగా కడతారు కదా, ఆ ముందు గోడకి గాలి నేరుగా కొడుతుంది, అక్కడ డిఫ్లెక్టర్ కొంచెం పనిచేస్తుంది. అదే ఖాళీగా వచ్చేటప్పుడో, సిమెంటో ఇనుమో వేసి లోడు క్యాబిన్ కంటే కిందకే ఉన్నప్పుడో ఆ డిఫ్లెక్టరే గాలికి అడ్డం నిలబడుతుంది, కొంచెం నష్టం కూడా. వచ్చిన ఒకటిన్నర శాతం కూడా పోయేటప్పుడు వచ్చి వచ్చేటప్పుడు పోతుంది. దానికంటే పట్టా బిగించి కట్టించండి, పక్కల పట్టా గాలికి టపటపా కొట్టుకోకుండా, తాడు సరిగ్గా ఉంటే ఫ్రీగా వచ్చే లాభం అది. వేగం కూడా 75కు బదులు 60లో పెట్టి చూడండి.

అమెరికాలో కూడా పొగ శుభ్రం చేసే భాగాలు పీకించేవాళ్లు ఉన్నారు, పట్టుబడితే భారీ జరిమానాలు, అమ్మిన షాపులకి మరీ ఎక్కువ. ఇక్కడ దాని జోలికి మేం పోము.

స్టీరింగ్_మీద_20ఏళ్లు:

ఓనర్లందరూ కూర్చుని బండి గురించి మాట్లాడుతున్నారు, నడిపేవాణ్ణి అడిగేవాళ్లు లేరు. 60లో పెట్టమంటారు. సరే, పెడతాం. వాశీలో మార్కెట్ తెల్లారి మొదలవుతుంది, లేటయితే పార్టీ కిరాయిలో కోత వేస్తాడు, ఆ కోత నా బత్తాలో పడుతుంది. హైదరాబాద్ ఔటర్ దగ్గర నాలుగు గంటలు నో ఎంట్రీలో నిలబెట్టి, మిగతా దారి అంతా 60లో రమ్మంటే ఎలా వస్తాను? ముందు లోడింగ్ టైముకి చేయించండి, ఆ తర్వాత వేగం గురించి అడగండి. యార్డులో సాయంత్రం నాలుగింటికి తెమలాల్సిన బండిని రాత్రి పదకొండుకి వదిలితే ఆ ఏడు గంటలూ రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కి తీర్చుకోవాలి, ఆ ఆయిల్ ఎవరి ఖాతాలో వేస్తారు?

ఇంకోటి. చాలామంది ఇప్పటికీ దిగుడులో న్యూట్రల్ వేస్తారు, ఆయిల్ మిగులుతుందని. మన గురువులు అలాగే నేర్పారు మరి. మా కంపెనీ ట్రైనింగులో చెప్పారు, కామన్ రైల్ బండ్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజెక్టర్లకి ఆయిల్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఐడిల్‌కి ఆయిల్ పోయాల్సిందే. అంటే న్యూట్రల్ వేసినవాడికి ఖర్చూ ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే. మీ రూట్‌లో పుణె దాటాక ఖండాలా ఘాట్ దిగుడు ఉంది, సతారా వైపు నుంచి పుణె వచ్చే దారిలో అయితే కాత్రజ్ సొరంగం దాటాక నవలే బ్రిడ్జి దాకా ఇంకో దిగుడు. బ్రేకులు కాలిపోయి లారీలు వరసపెట్టి కార్లను గుద్దిన చోటు అది. ఇలాంటి దిగుళ్లలో న్యూట్రల్ వేసే డ్రైవర్ ఉంటే ఈ రోజే మాట్లాడండి.

డ్యాష్‌బోర్డులో మైలేజ్ స్విచ్ ఉందేమో చూడండి, తేలిక, మధ్యస్థం, బరువు అని మూడు రకాలు ఉంటాయి చాలా కొత్త బండ్లలో. ఖాళీగా వచ్చేటప్పుడు కూడా బరువు మీదే వదిలేస్తారు, ఎవరూ తిప్పరు. లిఫ్ట్ యాక్సిల్ ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు పైకి లేపాలి. ఇంజిన్ ఆర్‌పీఎం మీటరులో సూది ఆకుపచ్చ పట్టీ దాటకుండా పై గేర్‌కి పోవాలి. రాత్రి పడుకునేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకునేవాళ్లు ఉన్నారు, గంటకి లీటరున్నర, రెండు లీటర్లు ఊరికే పోతాయి, అక్టోబర్ 2025 నుంచి తయారయ్యే బండ్లకి క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు, ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది చూడండి. నాకు నా ఓనర్ మిగిలిన ఆయిల్‌లో మూడో వంతు డబ్బు ఇస్తాడు, నెలాఖరున లెక్క చూసి. ఇవ్వకముందు నా డ్రైవింగ్ వేరు, ఇప్పుడు వేరు, దాచుకోవడం ఎందుకు.

నాలుగుబండ్ల_ఓనర్:

డ్రైవరన్న చెప్పిన చివరి మాట దగ్గర ఆగండి అందరూ. 28,000 రీమ్యాప్‌కి పోసేకంటే ఆ డబ్బు ఏడాది పొడవునా డ్రైవర్‌కి మైలేజ్ బోనస్‌గా ఇస్తే ఆయిల్ దానంతట అదే తగ్గుతుంది, దారిలో ట్యాంకులో నుంచి పోయే ఆయిల్ కూడా ఆగుతుంది (అది లేదని ఎవరూ అనకండి, డ్రైవరన్నా మిమ్మల్ని కాదు).

మిర్చిబండి తమ్ముడూ, నీ లెక్క సరిగ్గానే ఉంది, కానీ 15 శాతం అన్న ఒక్క అంకె మీద మొత్తం నిలబడింది. నీ బండికి 1 శాతం అంటే నెలకు 20 లీటర్లు, 1,940 రూపాయలు. ఇది గుర్తు పెట్టుకో. ఎవడు ఏ వస్తువు తెచ్చినా ధరని 1,940తో భాగించు, 1 శాతం మిగిలితే ఎన్ని నెలలు పడుతుందో తేలుతుంది. డిఫ్లెక్టర్ 18,000కి 1 శాతం నిజంగా వస్తే తొమ్మిది నెలలు పైనే, డాలస్ ఆయన చెప్పినట్టు పోయేటప్పుడు మాత్రమే వస్తే ఏడాదిన్నర. రెండేళ్లు పడినా ఫర్వాలేదనుకుంటే వేసుకో, నేను ఒక బండికి వేశాను, అందం బాగుంది, అంతకు మించి నాకైతే తేడా తెలియలేదు.

తేడా తెలియకపోవడానికి ఇంకో కారణం ఉంది. ట్రిప్‌కీ ట్రిప్‌కీ మైలేజ్ ఎలాగూ మారుతుంది, లోడు రెండు టన్నులు తక్కువైనా, ఎదురుగాలి ఉన్నా, వాన పడినా, ట్రాఫిక్ ఉన్నా. ఈ ఊగులాటలో రెండు మూడు శాతం కనపడదు. అమ్మేవాడికి ఇది బాగా తెలుసు. ఫిట్టింగ్ వేసిన రోజే ఫిల్టర్ మారుస్తాడు, గాలి పెడతాడు, మర్నాడు బండి బాగుంటుంది, క్రెడిట్ మ్యాగ్నెట్‌కి పోతుంది. ఒక విచిత్రం చెప్తా, అరిగిన టైరు కొత్త టైరు కంటే తేలిగ్గా దొర్లుతుంది. కొత్త టైర్లు వేసిన నెలలోనే ఏ ఫిట్టింగ్ వేసినా మైలేజ్ తగ్గినట్టు కనిపిస్తుంది, టైర్లు అరిగాక వేస్తే ఏది వేసినా పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ వరకు, ఒకే బంకులో, ఒకే రూట్‌లో కనీసం మూడు నెలలు రాసుకో, ఆ తర్వాత ఒక్కటే మార్చు, మళ్లీ మూడు నెలలు రాయి.

టైర్ల దగ్గరే అసలు డబ్బు ఉంది. గాలి 10 పీఎస్ఐ తగ్గితే సుమారు 1 శాతం ఆయిల్ పోతుంది, టైరు త్వరగా అరుగుతుంది, సైడ్ వాల్ కాలుతుంది. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూడాలి, సుత్తితో కొట్టి చూసేది లెక్క కాదు. లోపలి టైరు, అంటే జంటలో లోపలిది, దానికి ఎవడూ గాలి చూడడు. వాల్వ్ ఎక్స్‌టెన్షన్ వేయిస్తే అందుతుంది, చాలా చిన్న ఖర్చు.

ఇక యూరియా కట్ చేయించమన్న మీ ఫ్రెండ్ సంగతి. యూరియా డీజిల్‌లో 3 నుంచి 5 శాతం పడుతుంది, మీకు నెలకు 60 నుంచి 100 లీటర్లు, లీటరు యాభై అరవై అనుకున్నా మూడు వేల నుంచి ఆరు వేల దాకా. మిగిలేది అంతే, డీజిల్ ఒక్క చుక్క తగ్గదు. దానికి బదులుగా సెన్సర్‌ని మోసం చేసే బాక్స్ పెట్టాలి, పొగ అంతా ఊళ్ల మీదికి వదలాలి, అది చట్టరీత్యా తప్పు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ ఇచ్చినదాన్ని ఇలా మార్చడానికి లేదు, 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ ఆ బాక్స్ చూశాడంటే వాడి చేతికి మనమే సాకు ఇచ్చినట్టు. రీమ్యాప్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

మీ రూట్‌లో ఏ ఫిట్టింగూ లేకుండా మిగిలేది ఇంకొకటి ఉంది. జహీరాబాద్ దాటాక కర్ణాటకలో హుమ్నాబాద్ మీదుగానే కదా పోతారు. మన ఆంధ్రా రేటుకీ కర్ణాటక రేటుకీ లీటరుకు ఐదారు రూపాయలు తేడా ఉంటుంది, మన దగ్గర వ్యాట్ పైన లీటరుకు నాలుగు రూపాయలు అదనపు వ్యాట్, రూపాయి రోడ్ సెస్ ఉన్నాయి కాబట్టి. గుంటూరులో హుమ్నాబాద్ చేరడానికి సరిపడా మాత్రమే కొట్టించి అక్కడ ట్యాంక్ నింపండి, తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడే నింపండి. 400 లీటర్ల మీద రెండు వేల పైనే. కాకినాడ వైపు బండ్లు పుదుచ్చేరి రేటు ఉండే యానాం బంకుల దగ్గర ఎందుకు వరసలో నిలబడతాయో అనుకున్నారు?

మిర్చిబండి_గుంటూరు:

అందరికీ థ్యాంక్స్ అన్నలూ. మ్యాగ్నెట్, రీమ్యాప్, యూరియా బాక్స్ మూడూ వద్దు. డిఫ్లెక్టర్ కూడా ప్రస్తుతానికి ఆపుతున్నా. రేపు మేస్త్రి గారు చెప్పినట్టు హబ్‌లు, హోస్ పైపు చూపిస్తా. హుమ్నాబాద్ సంగతి మా డ్రైవర్‌ని అడిగితే, నాకెప్పుడో తెలుసు సార్, మీరే గుంటూరులో ఫుల్ కొట్టిస్తున్నారు అన్నాడు.

ఒక్క డౌట్ మిగిలింది. వెనక టైర్లు రీట్రేడింగ్‌కి (అరిగిన టైరు మీద కొత్త రబ్బర్ వేయించడానికి) పంపాలి. డిజైన్ ఏది వేయించమంటారు, మైలేజ్‌కి తేడా ఉంటుందా? షాపువాడు అన్నిటికీ లగ్ (అడ్డంగా లోతు గాళ్లు ఉండే డిజైన్) వేయించమంటున్నాడు, గ్రిప్ బాగుంటుందని.

నాలుగుబండ్ల_ఓనర్:

అన్నిటికీ లగ్ వద్దు. ఇంజిన్ తిప్పే హౌసింగ్ చక్రాలకే గ్రిప్ కావాలి, అక్కడ లగ్ వేయించు. ఊరికే దొర్లే డమ్మీ యాక్సిల్‌కి రిబ్ (టైరు చుట్టూ నిలువు గీతల డిజైన్) వేయించు, తేలిగ్గా దొర్లుతుంది, హైవే రూట్ కాబట్టి అరుగుదల కూడా సమంగా ఉంటుంది. మట్టి రోడ్లలో క్వారీకి పోయే బండైతే వేరే మాట. రబ్బర్ లోతు ఎక్కువ వేయమని కూడా అడగకు, లోతు ఎక్కువైతే టైరు వేడెక్కుతుంది, ఆయిల్ కూడా తాగుతుంది. కేసింగ్‌లు, అంటే పాత టైరు బాడీలు, ముందు నువ్వే చూసి పంపు, సైడ్ వాల్ ఉబ్బిన టైరు రీట్రేడింగ్‌కి పనికిరాదు, షాపువాడు అడగడు, వేసి పంపేస్తాడు.